కాంట్రాక్టర్ పని మధ్యలో వదిలేస్తే ఇంటివాళ్లకు తిరిగొచ్చేది ఎంత?

అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో ఒక కుటుంబం తమ ఇంటి బేస్‌మెంట్‌లో రెండు గదులు, ఒక బాత్‌రూమ్ కట్టించుకోవాలని నిర్ణయించుకుందనుకుందాం. ఒప్పందం 60,000 డాలర్లకు కుదిరింది. కాంట్రాక్టర్‌కు లైసెన్స్ ఉంది. గోడలకు చెక్క ఫ్రేములు లేచాయి, పైపులు సగం పడ్డాయి. అప్పటికే విడతలుగా 45,000 డాలర్లు ఇచ్చేశారు. ఒక సోమవారం పనివాళ్లు రాలేదు. మర్నాటి నుంచి కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడం లేదు. నెల చూసి ఇంకొకరిని పిలిపిస్తే, పాత పైపుల పని విప్పి మళ్లీ వేయడానికీ మిగతాది పూర్తి చేయడానికీ కలిపి 50,000 అవుతుందన్నాడు.

ఈ కుటుంబం నష్టపోయింది ఎంత? కట్టిన 45,000 మొత్తం పోయినట్టేనని ఇంటివాళ్లు అంటారు. కొంత పని జరిగింది కదా, అది తీసేయాలని కాంట్రాక్టర్ వాదిస్తాడు. కొత్తగా పెట్టాల్సిన 50,000 కూడా నష్టమేనని పక్కింటివాళ్లు అంటారు. మేరీల్యాండ్ నిబంధనల ప్రకారం నష్టం 35,000 డాలర్లు. ఇలాంటి నష్టాలకు రాష్ట్రం పెట్టిన పరిహార నిధి నుంచి చేతికి వచ్చేది మాత్రం 30,000 దాటదు. ఈ రెండు అంకెలు ఎలా వచ్చాయో తెలిస్తే, లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్‌కు ఇల్లు అప్పగించినప్పుడు మనకు నిజంగా ఉన్న రక్షణ ఎంతో తెలుస్తుంది. ఆ రక్షణలో పెద్ద భాగం ప్రభుత్వ నిధిలో లేదు. ఏ పనికి ఏ రోజు ఎంత డబ్బు ఇవ్వాలని ఒప్పందంలో రాసుకున్నామో అందులో ఉంది.

లైసెన్స్ దేనికి హామీ?

కాంట్రాక్టర్ లైసెన్స్ అంటే ఆ పని చేయడానికి రాష్ట్రం ఇచ్చిన అనుమతి. దానికోసం చాలాచోట్ల పరీక్ష రాయాలి, అనుభవం చూపించాలి, ఇన్సూరెన్స్ తీసుకోవాలి. లైసెన్స్ నంబర్ ఆన్‌లైన్‌లో సరిచూసుకుని ఇంటివాళ్లు ధైర్యంగా అడ్వాన్స్ ఇస్తారు. అయితే మొదలుపెట్టిన పని పూర్తవుతుందని రాష్ట్రం ఎక్కడా పూచీ పడదు. ఇన్సూరెన్స్ విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. కాంట్రాక్టర్ తీసుకునే మామూలు లయబిలిటీ పాలసీ, పనిలో పైపు పగిలి ఇల్లు తడిస్తేనో, ఎవరికైనా దెబ్బ తగిలితేనో పనికొస్తుంది. పని సగంలో ఆగిపోవడం దాని కిందికి రాదు.

పని వదిలేసేవాళ్లందరూ మోసగాళ్లు కారు. ఎక్కువగా జరిగేది వేరే. కాంట్రాక్టర్ ఒక ఇంటి అడ్వాన్స్‌తో ముందు ఒప్పుకున్న ఇంటి పని నెట్టుకొస్తాడు, ఆ తర్వాతి ఇంటి అడ్వాన్స్‌తో దీన్ని నడుపుతాడు. కొత్త పనులు వస్తున్నంతకాలం గొలుసు సాగుతుంది. ఒక్క నెల పనులు తగ్గినా, సామాను ధర పెరిగినా ఎక్కడో ఒక లింకు తెగుతుంది. 2021 మేలో అమెరికాలో కలప ధర రికార్డు స్థాయికి చేరినప్పుడు, అంతకు ముందే ఇంతకు చేస్తామని మాట ఇచ్చిన కాంట్రాక్టర్లు ప్రతి ఇంటి మీదా నష్టపోయారు. కారణం ఏదైనా ఇంటివాళ్లకు మిగిలేది ఒకటే. కోర్టుకు వెళ్లి తీర్పు తెచ్చుకున్నా, వసూలు చేసుకోవడానికి అవతలి మనిషి దగ్గర ఏమీ ఉండదు. కంపెనీ దివాలా పిటిషన్ వేస్తే కోర్టు వసూళ్లన్నీ ఆపేస్తుంది. అమెరికా దివాలా చట్టంలో వినియోగదారుల అడ్వాన్సులకు కొంత ప్రాధాన్యం ఉంది కానీ, 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి మనిషికి 3,800 డాలర్లు మాత్రమే. వంటగది పనికి ఇచ్చే అడ్వాన్స్ సాధారణంగా దానికి ఎన్నో రెట్లు ఉంటుంది.

ఈ ఖాళీ పూడ్చడానికే కొన్ని రాష్ట్రాలు పరిహార నిధులు పెట్టాయి. ఆలోచన సులువైనదే. లైసెన్స్ తీసుకునే, రెన్యూ చేసుకునే ప్రతి కాంట్రాక్టర్ దగ్గరా కొద్ది మొత్తం వసూలు చేసి ఒక చోట వేస్తారు. ఒకడు ఇంటివాళ్లను ముంచితే, మిగతావాళ్లంతా వేసిన ఆ డబ్బులోంచి పరిహారం ఇస్తారు. ఒక వృత్తిలో ఉన్నవాళ్లు తమలో ఒకరి తప్పుకు అందరూ కలిసి బాధ్యత తీసుకునే ఈ పద్ధతి న్యాయమైనది. దాని చుట్టూ ఉన్న పరిమితుల దగ్గరే ఇబ్బంది.

మేరీల్యాండ్ లెక్క

మేరీల్యాండ్ నిధిని ఆ రాష్ట్ర హోమ్ ఇంప్రూవ్‌మెంట్ కమిషన్ నడుపుతుంది. ఉన్న ఇంటికి చేయించే మార్పులు, చేర్పులు, మరమ్మతులే దీని పరిధి. కొత్తగా కట్టే ఇళ్లకు వేరే నిధి ఉంది. పని నాసిగా చేసినా, చాలీచాలకుండా చేసినా, పూర్తి చేయకపోయినా దాన్ని సరిచేసి పూర్తి చేయడానికి అయ్యే ఖర్చును చట్టం ‘అసలు నష్టం’ అంటుంది. నిబంధనల్లో దానికి మూడు లెక్కలున్నాయి.

కాంట్రాక్టర్ డబ్బు తీసుకుని అసలు పనే మొదలుపెట్టకపోతే, కట్టిందంతా నష్టమే. ఇది తేలిక. కొంత పని చేసి వదిలేశాడు, ఇంటివాళ్లు ఇంకొకరితో పూర్తి చేయించుకోదలచుకోలేదు అనుకుంటే, కట్టిన డబ్బులోంచి జరిగిన పని విలువ, సామాను విలువ తీసేస్తారు. మూడోదే ఎక్కువగా ఎదురవుతుంది. కొంత పని జరిగింది, మిగతాది ఇంకొకరితో చేయించాలి. అప్పుడు మొదటి కాంట్రాక్టర్‌కు కట్టింది, రెండోవాడికి న్యాయంగా అయ్యే ఖర్చు కలిపి, అందులోంచి మొదటి ఒప్పందం ధర తీసేయాలి. పైన చెప్పిన కుటుంబానికి 45,000, 50,000 కలిపితే 95,000. అందులోంచి 60,000 పోతే 35,000. ఆ కుటుంబం ఎలాగూ 60,000 ఖర్చు పెట్టడానికి సిద్ధపడింది కాబట్టి, దాని పైన పడిన భారమే నష్టం అన్నది ఇందులోని తర్కం. ఒప్పందం ధర మరీ అసహజంగా తక్కువగానో ఎక్కువగానో ఉందనిపిస్తే కమిషన్ లెక్కను సవరించవచ్చు. అందరికన్నా సగం ధరకు కొటేషన్ ఇచ్చి పని పట్టేసినవాడి అంకెను పట్టుకుని, బజారు ధరంతా నష్టమని అడిగితే ఒప్పుకోకపోవచ్చన్నమాట.

ఇప్పుడు అదే ఇంట్లో అంకె ఒక్కటి మారుద్దాం. అదే 60,000 ఒప్పందం, జరిగిన పనీ అదే, రెండో కాంట్రాక్టర్ అడిగిందీ అదే 50,000. కాకపోతే ఇంటివాళ్లు పని జరిగిన మేరకే డబ్బు ఇస్తూ వచ్చి, ఆగిపోయే నాటికి 15,000 మాత్రమే కట్టారు. కలిపితే 65,000. ఒప్పందం ధర తీసేస్తే నష్టం 5,000. కాంట్రాక్టర్ అదే మనిషి, వదిలేసిన చోటూ అదే. 35,000కూ 5,000కూ మధ్య ఉన్న తేడా అంతా, పని కంటే ముందు పరుగెత్తిన డబ్బే. మొదటి కుటుంబం నిధి తలుపు తట్టి, నెలల తరబడి విచారణ చుట్టూ తిరిగి, 30,000 తెచ్చుకుని ఇంకా 5,000 పోగొట్టుకుంటుంది. రెండో కుటుంబం ఆ 5,000 నిధిని అడగవచ్చు, లేదా భరించి ముందుకు సాగిపోవచ్చు. మేరీల్యాండ్ చట్టం ఒప్పందం సమయంలో మూడో వంతుకు మించి అడ్వాన్స్ తీసుకోకూడదని కాంట్రాక్టర్లను కట్టడి చేయడానికి కారణం ఇదే. మొదటి విడతను చట్టం పట్టుకుంది. రెండో విడత, మూడో విడత ఎప్పుడు ఇవ్వాలన్నది ఒప్పందంలో రాసుకోవాల్సింది ఇంటివాళ్లే.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, తెలియక చాలామంది దెబ్బతినేది ఇక్కడే. నిధి నుంచి వచ్చేది, కాంట్రాక్టర్‌కు కట్టిన మొత్తాన్ని మించకూడదు. 30,000 పనికి 8,000 అడ్వాన్స్ ఇచ్చారు, వాడు పైకప్పు తప్పుగా విప్పి వదిలేసి పోయాడు, రెండోవాడు 40,000 అడిగాడు అనుకోండి. లెక్క ప్రకారం నష్టం 18,000. నిధి ఇచ్చేది 8,000. అంటే పని చెడగొట్టి పోయినప్పుడు, తక్కువ కట్టినవాళ్లకు నిధి రక్షణా తక్కువే. ఈ నియమాన్ని సమర్థించడం కష్టం. వాన నీళ్లు కారుతున్న ఇంటి మరమ్మతు ఖర్చుకూ, అడ్వాన్స్ ఎంత ఇచ్చారన్నదానికీ సంబంధం లేదు. అయినా చట్టం అలాగే ఉంది కాబట్టి, పాతది పడగొట్టే దశ ఉన్న పనుల్లో నిధిని మాత్రమే నమ్ముకోకూడదు.

గరిష్ఠ పరిమితి 2022 జూలై వరకు 20,000 డాలర్లే ఉండేది, అప్పుడు 30,000కు పెంచారు. వంటగది పూర్తిగా మార్చడానికి 60,000, 70,000 అడుగుతున్న రోజుల్లో ఈ పరిమితి చిన్నదే. పరిహారంలో లాయర్ ఫీజు, కోర్టు ఖర్చులు, వడ్డీ కలవవు. స్నానాల గది లేక అద్దె ఇంట్లో ఉన్న నెలల ఖర్చు కలవదు. మనోవేదనకు పైసా రాదు. ఇంటి మీద తీసుకున్న లోన్‌కు వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

రుజువు చేయాల్సింది ఇంటివాళ్లే

నిధి అంటే ఫారం నింపితే డబ్బు ఇచ్చే కౌంటర్ అనుకుంటే నిరాశ తప్పదు. కాంట్రాక్టర్ ఒప్పుకోకపోతే విషయం పరిపాలనా న్యాయమూర్తి ముందుకు వెళుతుంది. అక్కడ రుజువు భారం ఇంటివాళ్ల మీదే. కాంట్రాక్టర్ రాకపోయినా ఎదురుగా ఒకరు కూర్చుంటారు. నిధి తరఫున రాష్ట్ర ప్రభుత్వ లాయర్ హాజరవుతాడు. అందరి డబ్బు కాబట్టి ఊరికే ఇవ్వకూడదని చూడటం ఆయన పని. అది శత్రుత్వంగా తీసుకోవాల్సిన విషయం కాదు కానీ, సిద్ధం కాకుండా వెళ్లినవాళ్లకు మాత్రం పెద్ద టెన్షన్.

అక్కడ నిలబడేవి కాగితాలు. సంతకాలున్న ఒప్పందం, తర్వాత అదనంగా ఒప్పుకున్న పనుల రాత, ప్రతి చెల్లింపుకూ చెక్కో బ్యాంకు స్టేట్‌మెంటో, పని ఆగిన రోజు ఉన్న స్థితి ఫొటోలు, రెండో కాంట్రాక్టర్ ఇచ్చిన కొటేషన్. ఆ కొటేషన్‌లో మొదటి ఒప్పందంలో ఉన్న పనే ఉండాలి. చాలా ఇళ్లలో ఎలాగూ మళ్లీ చేయిస్తున్నాం కదా అని టైల్స్ బదులు గ్రానైట్, మామూలు షవర్ బదులు ఖరీదైనది వేయించుకుంటారు. ఆ అదనం నష్టంలోకి రాదు. ఏది పాత పని, ఏది కొత్త కోరిక అని విడదీయకుండా గుండుగుత్తగా ఒక అంకె రాసిన కొటేషన్ తెచ్చుకుంటే మొత్తానికే ఎసరు వస్తుంది. చేతికి నగదు ఇచ్చి రసీదు తీసుకోకపోతే, ఇచ్చినట్టు నిరూపించుకోవడానికే విచారణ సగం గడిచిపోతుంది.

ఇంకో మెలిక. కాంట్రాక్టర్ తిరిగొచ్చి నిజాయితీగా సరిచేస్తానంటే, తగిన కారణం లేకుండా కాదన్నవాళ్లకు పరిహారం రాదు. కోపంలో ‘ఇక నా గడప తొక్కొద్దు’ అని మెసేజ్ పెట్టినవాళ్లు, ఆ మెసేజే తమకు వ్యతిరేకంగా చదవడం విని ఆశ్చర్యపోవాల్సి వస్తుంది. అతను నాలుగుసార్లు వస్తానని రాలేదనీ, ఫలానా తేదీలోగా రమ్మని రాతపూర్వకంగా గడువు ఇచ్చామనీ చూపించగలిగితే అది సరైన కారణమవుతుంది. నష్టం బయటపడిన మూడేళ్లలోగా నిధికి దరఖాస్తు పెట్టాలి. పని చేయించుకున్న ఇంట్లో తాము ఉండనివాళ్లకు మూడుకు మించి ఇళ్లుంటే నిధి వర్తించదు. అద్దెలకిచ్చే ఇళ్లు వరుసగా కొంటున్న ఉద్యోగ కుటుంబాలు గమనించాల్సిన నియమం ఇది.

అన్నిటికన్నా ముందు, కాంట్రాక్టర్‌కు లైసెన్స్ ఉండి తీరాలి. తెలిసినవాళ్లు చెప్పారని, కొంచెం తక్కువకు చేస్తాడని లైసెన్స్ లేనివాడికి పని ఇస్తే నిధి తలుపు ఆ రోజే మూసుకుపోయినట్టు. లైసెన్స్ వల్ల ఇంటివాళ్లకు దొరికే అసలైన ప్రయోజనం ఇదేనని చెప్పవచ్చు. నిధి డబ్బు చెల్లించాక ఆ మొత్తాన్ని కనీసం 10 శాతం వార్షిక వడ్డీతో తిరిగి కట్టేదాకా కాంట్రాక్టర్‌కు లైసెన్స్ దక్కదు. పేరు నిలబెట్టుకుని ఇదే వృత్తిలో ఉండాలనుకునేవాడిని ఈ భయం కొంత అదుపులో ఉంచుతుంది. ఇల్లూ వాకిలీ వదిలి వేరే రాష్ట్రానికి పోయినవాడి మీద దాని ప్రభావం తక్కువ.

రాష్ట్రం దాటితే నియమం మారుతుంది

అమెరికాలో ఈ విషయానికి ఒకే జాతీయ చట్టం లేదు. పొటోమాక్ నది దాటి వర్జీనియాకు వెళితే అక్కడా నిధి ఉంది కానీ, ముందు కోర్టులో తీర్పు తెచ్చుకోవాలి. అదీ కాంట్రాక్టర్ అక్రమంగానో మోసపూరితంగానో ప్రవర్తించాడని తేల్చే తీర్పు కావాలి. మామూలు ఒప్పంద ఉల్లంఘన కింద తీర్పు తీసుకుని వెళితే చిక్కుల్లో పడతారు. నిధికి పనికొచ్చేలా దావా రాయగల లాయర్ మొదటి రోజు నుంచే కావాలి.

అరిజోనా నిధిలో ఒక ఇంటికి 30,000, ఒక కాంట్రాక్టర్ లైసెన్స్ మీద మొత్తం 2,00,000 డాలర్లు పరిమితి. ఎడారి రాష్ట్రంలో స్విమ్మింగ్ పూల్ కోసం పెరట్లో గొయ్యి తవ్వి వదిలేసి పోయిన కంపెనీ ఒకటి ముప్ఫై ఇళ్లవాళ్ల దగ్గర డబ్బు తీసుకుందనుకుంటే, ఏడో కుటుంబం దగ్గరికి వచ్చేసరికే ఆ పరిమితి దాటిపోతుంది. పెద్ద కంపెనీ కూలినప్పుడే నిధి అవసరం ఎక్కువ, అప్పుడే అది చాలదు. ఈ రకం నిధులన్నిటిలోనూ ఉన్న లోతైన బలహీనత ఇది.

ఫ్లోరిడా ‘వదిలేయడం’ అంటే ఏమిటో చట్టంలోనే రాసుకుంది. తగిన కారణం లేకుండా వరసగా 90 రోజులు పని జరగకపోతే వదిలేసినట్టు భావించవచ్చు. 10 శాతం మించి అడ్వాన్స్ తీసుకున్న కాంట్రాక్టర్ 30 రోజుల్లో పర్మిట్లకు దరఖాస్తు పెట్టాలి, పర్మిట్లు వచ్చాక 90 రోజుల్లో పని మొదలుపెట్టాలి. రేపు వస్తాం, ఎల్లుండి వస్తాం అనే మాటల మధ్య నలిగిపోయే ఇంటివాళ్లకు ఇలాంటి తేదీలు ఎంతో ఊరట. అక్కడి నిధికి కావాల్సిన డబ్బు, భవన నిర్మాణ పర్మిట్ ఫీజు మీద వేసే సర్‌చార్జి నుంచి వస్తుంది.

కాలిఫోర్నియాలో కాంట్రాక్టర్లందరికీ వర్తించే ఇలాంటి నిధి లేదు. ప్రతి కాంట్రాక్టర్ 25,000 డాలర్ల బాండ్ (పూచీకత్తు) పెట్టాలి. 2023కు ముందు అది 15,000. ఆ బాండ్ ఒక్కో ఇంటికి కాదు, ఆ కాంట్రాక్టర్ బాధితులందరికీ కలిపి. దానికి బదులు అడ్వాన్స్ మీద గట్టి పట్టు పట్టారు. ఇంటి మార్పుల ఒప్పందాల్లో 1,000 డాలర్లు లేదా ధరలో 10 శాతం, ఏది తక్కువైతే అంతకు మించి ముందు తీసుకోకూడదు, ఆ తర్వాత జరిగిన పని విలువను మించి వసూలు చేయకూడదు. పైన వేసిన లెక్క చూస్తే, ఈ ఒక్క నియమం చాలా నిధుల కంటే ఎక్కువ మేలు చేస్తుందనిపిస్తుంది. అయితే అది పాటించని కాంట్రాక్టర్‌కు కాదనలేక డబ్బు ఇచ్చేసిన ఇంటివాళ్లకు మిగిలేది ఆ చిన్న బాండే.

తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఇళ్లు కొనుక్కున్న టెక్సస్‌లో జనరల్ కాంట్రాక్టర్‌కు రాష్ట్ర లైసెన్సే లేదు. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, ఏసీ పనివాళ్లకు ఉంది. ఇళ్ల నిర్మాణాన్ని చూడటానికి 2003లో ఒక కమిషన్ పెట్టారు కానీ 2009లో దాన్ని రద్దు చేశారు. డాలస్ చుట్టుపక్కల ప్యాటియో వేయించుకున్నా, పైగది కట్టించుకున్నా, పని ఆగిపోతే కోర్టు, లేదంటే రాజీ, అంతే.

డబ్బు పూర్తిగా కట్టినా తీరని బాధ ఇంకొకటుంది. ఇంటివాళ్ల దగ్గర తీసుకున్న డబ్బును కాంట్రాక్టర్ తన కింద పనిచేసిన ప్లంబర్‌కో, సామాను ఇచ్చిన షాపుకో కట్టకపోతే, వాళ్లు ఆ ఇంటి మీదే లియన్ (బాకీ తీరేదాకా ఇంటి మీద ఉండే హక్కు) వేయవచ్చు. లియన్ తీరేదాకా ఇల్లు అమ్మడం, లోన్ మార్చుకోవడం కష్టం. తప్పు చేయని ఇంటివాళ్లు అదే పనికి రెండోసారి కట్టాల్సి వస్తుంది. మిషిగన్ ఈ ఒక్క సమస్య కోసమే ప్రత్యేకంగా నిధి పెట్టి, డబ్బు చాలక 2010లో ఎత్తేసింది. అందుకే ప్రతి విడత చెల్లించేటప్పుడు, అప్పటిదాకా జరిగిన పనికి తమకు డబ్బు ముట్టిందని, లియన్ హక్కు వదులుకుంటున్నామని కింది కాంట్రాక్టర్ల సంతకం తీసుకోవడం అలవాటు కావాలి. ఒక్క కాగితమే, కానీ చాలామంది అడగడానికి మొహమాటపడతారు.

ఆస్ట్రేలియాలో జరిగింది

నిధికి బదులు ఇంటింటికీ ఇన్సూరెన్స్ పెడితే? ఆస్ట్రేలియా ఆ దారిలో వెళ్లింది. విక్టోరియా రాష్ట్రంలో 2023 నాటికి ఉన్న నియమం ఇది: 16,000 ఆస్ట్రేలియన్ డాలర్లు దాటిన ఇంటి పనికి బిల్డర్ ముందుగా పాలసీ తీసుకోవాలి. గరిష్ఠం 3,00,000 ఆస్ట్రేలియన్ డాలర్లు. వినడానికి పెద్ద మొత్తమే. కానీ పని పూర్తికాకపోవడం కింద ఇచ్చేది ఒప్పందం ధరలో 20 శాతానికే పరిమితం. బిల్డర్ చనిపోవాలి, కనిపించకుండా పోవాలి, దివాలా తీయాలి, లేదా ట్రిబ్యునల్ ఆదేశాన్ని పాటించకుండా ఉండాలి. అప్పుడే పాలసీ పలుకుతుంది. బిల్డర్ ఊళ్లోనే తిరుగుతూ, కంపెనీ బోర్డు అలాగే ఉంచి పని మాత్రం చేయకపోతే ఇంటివాళ్లు ముందు ట్రిబ్యునల్ మెట్లెక్కాలి.

2023 మార్చి 31న పోర్టర్ డేవిస్ అనే పెద్ద నిర్మాణ సంస్థ కుప్పకూలింది. విక్టోరియా, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాల్లో కలిపి దాదాపు 1,700 ఇళ్లు మధ్యలో ఆగిపోయాయి. అప్పుడు బయటపడిన విషయం ఇంకా ఘోరం. అడ్వాన్సులు కట్టిన సుమారు 560 కుటుంబాల పేరిట అసలు పాలసీలే తీసుకోలేదు. చట్టం ప్రకారం పాలసీ తీసుకున్నాకే అడ్వాన్స్ ముట్టుకోవాలి. పాలసీ ఉందో లేదో చూసుకునే బాధ్యత ఆచరణలో ఇంటివాళ్ల నెత్తిన పడింది, వాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. చివరికి రాష్ట్ర ప్రభుత్వం తన ఖజానా నుంచి, ఒప్పందం ధరలో 5 శాతం దాకా, గరిష్ఠంగా 50,000 డాలర్లు చెల్లించింది. పక్కనే ఉన్న క్వీన్స్‌లాండ్‌లో పద్ధతి వేరు. పాలసీని ప్రభుత్వ సంస్థే నడుపుతుంది. బిల్డర్ దివాలా తీసేదాకా ఆగనక్కర్లేదు. అతని తప్పు వల్ల ఒప్పందం సరైన పద్ధతిలో రద్దయితే చాలు, పని పూర్తి చేయడానికి 2,00,000 డాలర్ల దాకా వస్తుంది. విక్టోరియా కూడా 2025లో చట్టం మార్చి, మూడంతస్తుల వరకు ఉన్న ఇళ్లకు ఈ తరహా ఏర్పాటుకు మారాలని నిర్ణయించుకుంది.

సొంత స్థలంలో కట్టుకునే ఇల్లు

తెలుగు రాష్ట్రాల్లో ఈ ప్రశ్న అడిగితే ఎక్కువమంది రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) పేరు చెబుతారు. రెరా అమ్మకానికి కట్టే ప్రాజెక్టులకు. 500 చదరపు మీటర్లు మించిన స్థలంలో లేదా 8కి మించి ఫ్లాట్లు కట్టి అమ్మే ప్రమోటర్ రిజిస్టర్ చేసుకోవాలి. కొనుగోలుదారుల నుంచి వచ్చిన డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. తమ సొంత ప్లాట్‌లో మేస్త్రికో కాంట్రాక్టర్‌కో చదరపు అడుగుకు ఇంతని ఇచ్చి ఇల్లు కట్టించుకునే కుటుంబానికి ఇవేవీ వర్తించవు. ఆ మేస్త్రికి లైసెన్స్ అవసరం లేదు, బాండ్ లేదు, అతని తరఫున ఏ నిధీ లేదు. చాలాచోట్ల రాసుకున్న ఒప్పందం కూడా ఉండదు. ఒక నోట్‌బుక్‌లో తేదీలు, అంకెలు ఉంటాయి. విదేశంలో ఉన్న కొడుకు డబ్బు పంపిస్తే, ఊళ్లో వయసు మళ్లిన తండ్రి దగ్గరుండి కట్టిస్తున్న ఇంటి విషయంలో ఇది మరీ ప్రమాదం. వాట్సాప్‌లో వచ్చిన స్లాబ్ ఫొటో చూసి కొడుకు తర్వాతి విడత వేస్తాడు. ఆ స్లాబ్‌లో ఎంత ఇనుము పడిందో ఫొటోలో కనబడదు.

చేతిలో ఉన్న చట్టం వినియోగదారుల రక్షణ చట్టం. 1993 సవరణతో గృహ నిర్మాణం ‘సేవ’ నిర్వచనంలోకి వచ్చింది. అదే ఏడాది లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు గృహ నిర్మాణం సేవేనని తేల్చిచెప్పింది. 2019 చట్టం కింద చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల దాకా ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల దాకా ఫీజు లేదు. ఫిర్యాదు చేసేవాళ్లు తాము ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు కాబట్టి, హైదరాబాద్‌లో ఉంటూ ఊళ్లో ఇల్లు కట్టించుకున్నవాళ్లు ఊరికి తిరగనక్కర్లేదు. గడువు రెండేళ్లు. కానీ మొదట చెప్పిన చిక్కు ఇక్కడా ఉంది. ఆదేశం వచ్చాక వసూలు చేసుకోవడానికి మేస్త్రి పేరున ఏదైనా ఉండాలి.

ఇక్కడ నిధి పెట్టడం అసాధ్యమేమీ కాదు. 1996 నాటి చట్టంతో భవన నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సు వసూలు చేసే ఏర్పాటు వచ్చింది. చిన్న ఇళ్లకు మినహాయింపు ఉన్నా, ఇంటి ప్లాన్ అనుమతి దగ్గరే దాన్ని కట్టించుకునే పద్ధతి పురపాలక సంఘాలకు బాగా తెలుసు. కార్మికుల డబ్బు ముట్టుకోకుండా, అదే కిటికీ దగ్గర ఫ్లోరిడాలో లాగా కొద్దిపాటి సర్‌చార్జి తీసుకుని, ఇళ్ల కాంట్రాక్టర్లను పేరు నమోదు చేయించుకోమంటే మొదటి అడుగు పడుతుంది. నమోదైన కాంట్రాక్టర్‌తో రాతపూర్వక ఒప్పందం ఉన్న ఇంటికే పరిహారం అని పెడితే, నోట్‌బుక్ లెక్కలు వాటంతట అవే తగ్గుతాయి.

అది వచ్చేదాకా, పని ఆగిపోయిన ఇంట్లో మొదట చేయాల్సిన పని కొత్త మేస్త్రిని దింపడం కాదు. ఒక సివిల్ ఇంజనీర్‌ను పిలిచి పునాది, పిల్లర్లు, లింటెల్, స్లాబ్, ప్లాస్టరింగ్ వరకు ఏది ఎంతవరకు జరిగిందో కొలిపించి, జరిగిన పని విలువ, మిగిలిన పని ఖర్చు విడివిడిగా సంతకంతో రాయించుకోవాలి. పాత కాంట్రాక్టర్‌కు గడువు ఇచ్చి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాలి. కేసు వేసినప్పుడు, స్థలం చూసి నివేదిక ఇవ్వడానికి అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని పిటిషన్ పెట్టుకోవచ్చు. ఆయన వచ్చి చూసి వెళ్లాక కొత్త మేస్త్రి గోడ మీద చెయ్యి వేస్తే ఇబ్బంది లేదు. అంతకు ముందే పగలగొట్టేస్తే, ఏ గోడ ఎవరు కట్టారో, ఏది పాత పగులో ఏది కొత్తదో చెప్పే ఆధారం సిమెంటు కిందికి పోతుంది.